టపాసుల రాత్రికి ముందూ తర్వాతా

పొందూరు వైపు పల్లెల్లో దీపావళి సాయంత్రం చప్పుడుతో మొదలవదు. చీకటి పడుతుండగా గోగు కాడలకు పాతగుడ్డ ఒత్తులు చుట్టి, నూనెలో తడిపి వెలిగించి, పిల్లలు వాకిట్లో నేలకు కొడుతూ దివిటీలు తిప్పుతారు. కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చి నోరు తీపి చేసుకుంటారు. అంతసేపూ పెరట్లో ఆవు నెమరేస్తూనే ఉంటుంది. అరుగు కింద కుక్క లేవదు. అటక మీద పిల్లి దిగదు. ఆ తర్వాత మందుగుండు పెట్టెలు విప్పుతారు, మొదటి లక్ష్మీ బాంబు పేలుతుంది, అప్పుడు ఇంట్లో ఎవరికో గుర్తొస్తుంది: "ఒరే, కుక్కేదిరా?"

అప్పటికే ఆలస్యమైపోయింది. కుక్కలైనా పిల్లులైనా పశువులైనా, పండగ రాత్రి వాటికోసం చేయగలిగింది కొంచెమే. దసరా వెళ్ళిన దగ్గర్నుంచి మొదలుపెడితే చేయగలిగింది చాలా ఉంది. తెల్లవారాక చేయాల్సింది ఇంకా ముఖ్యం. దాన్ని మాత్రం దాదాపు ఎవరూ చేయరు. అందుకే ఈ అధ్యాయంలో ఆ రాత్రి గురించి తక్కువగా, దాని ముందూ వెనకల గురించి ఎక్కువగా రాస్తున్నాను.

ముందు వాటి చెవి సంగతి. మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న శబ్దమే వినిపిస్తుంది. కుక్కకు సుమారు 45, పిల్లికి 60 దాటి కూడా వినిపిస్తుంది. టపాసుకు మన దేశంలో ఉన్న శబ్ద పరిమితి, పేలిన చోటు నుంచి నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్. వీధి గోడల మధ్య పేలితే అది తగ్గడం అటుంచి ఇంకా మోగుతుంది. అయితే చప్పుడు ఎంత పెద్దదన్నది సగం సంగతే. అది ఎప్పుడొస్తుందో, ఎటునుంచి వస్తుందో, ఎందుకొస్తుందో జంతువుకు తెలియదు. మనం ఒత్తి ముట్టించి చెవులు మూసుకుంటాం. దానికి ఆ అరక్షణం కూడా లేదు. పెట్టె మీద గ్రీన్ టపాసు అని రాసి ఉంటే నిశ్చింతగా ఉండొచ్చనుకునేవాళ్ళున్నారు. ఆ రకాలు ప్రధానంగా పొగనూ ధూళినీ తగ్గించడానికి తయారుచేసినవి. అవీ పేలతాయి, పెరట్లో ఉన్నదాన్ని అవీ బెదరగొడతాయి.

మీ కుక్క భయపడే రకమో కాదో దీపావళి దాకా ఆగి తెలుసుకోనక్కర్లేదు. శ్రావణ భాద్రపదాల్లో ఉరుములొచ్చినప్పుడు అది ఏం చేసిందో గుర్తు తెచ్చుకోండి. మంచం కిందకు దూరిందా, రొప్పిందా, వణికిందా, తిండి వదిలేసి గుమ్మం గీకిందా? ఉరుముకు అలా చేసింది టపాసుకు అంతకు రెట్టింపు చేస్తుంది. అప్పుడు అది ఏ మూలకు పోయిందో కూడా గుర్తు పెట్టుకోండి. మనకిది చాలా విలువైన సమాచారం. మనం ఎంచుకున్న గదికన్నా, తనకు తానుగా ఎంచుకున్న మూలలోనే అది తొందరగా కుదుటపడుతుంది.

దసరాకూ దీపావళికీ మధ్య ఇరవై రోజులు. ఆ మూలను అప్పటినుంచే సిద్ధం చేయండి. పాత చీరో దుప్పటో పరవండి. రోజూ ఒక పూట తిండి అక్కడే పెట్టండి. ఫోనులో టపాసుల చప్పుడు దొరుకుతుంది. అది తింటున్నంతసేపూ వినీవినపడనంత సన్నగా పెట్టండి. తిండి ఆపకుండా తింటుంటే రెండు మూడు రోజులకొకసారి కొద్దిగా పెంచండి. చెవులు వెనక్కి పెట్టినా, ఊరికే పెదాలు నాక్కుంటున్నా, ఆవలిస్తున్నా, తోక ముడిచినా మీరు తొందరపడ్డారని అర్థం. వెంటనే తగ్గించేయండి. ఏళ్ళ తరబడి బెదిరిపోయిన కుక్కకు ఇరవై రోజులు చాలవు. దానికి ఈ దీపావళి అయ్యాక మొదలుపెట్టి వచ్చే ఏటికి అలవాటు చేయాలి. ఈ ఏడే ఇంటికొచ్చిన కుక్కపిల్ల ఉంటే మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి. దాని జీవితంలో మొదటి దీపావళి ఎలా గడుస్తుందన్నదే తర్వాతి వాటిని చాలావరకు నిర్ణయిస్తుంది.

ఈ రోజుల్లోనే పశువుల ఆసుపత్రికి ఒకసారి వెళ్ళి రండి. రేబీస్ టీకా గడువు చూసుకోండి. సెప్టెంబర్ 28 ప్రపంచ రేబీస్ దినం, లూయీ పాశ్చర్ చనిపోయిన రోజు. ఆ సందర్భంగా ప్రభుత్వ పశు వైద్యశాలల్లో ఉచితంగా టీకాలు వేస్తుంటారు. బెదిరిన కుక్క తనవాళ్ళనైనా కరుస్తుంది కాబట్టి ఇది దీపావళి జాగ్రత్తే. మరీ భయపడే కుక్కలకు డాక్టరు రాసిచ్చే మందులున్నాయి. వాటిని పండగకు ముందే ఒకరోజు వేసి, ఎలా పనిచేస్తుందో చూసి ఉంచుకోవాలి. కొన్ని పాత మత్తుమందులు ఒళ్ళు కదలనివ్వవు, భయాన్ని మాత్రం అలాగే ఉంచుతాయి. అందుకే ఎవరో చెప్పారని, పోయినేడు మిగిలిందని వేయకండి. మనుషుల మాత్రలు అసలే వద్దు. మన ఇళ్ళలో ప్రతి జ్వరానికీ వేసుకునే పారాసిటమాల్ ఒక్క మాత్ర చాలు, పిల్లి ప్రాణం పోవడానికి.

పొందూరులో పిల్లి గురించి విడిగా చెప్పాలి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకి, ఏకులు చుట్టి, రాట్నం మీద సన్ననూలు వడికే ఇళ్ళున్న ఊరిది. దీపావళి నాడు ఆ ఇళ్ళలో గుమ్మాల దగ్గరా కిటికీల్లోనూ ప్రమిదలు వెలుగుతాయి, లోపల తట్టల్లో పత్తి ఉంటుంది. బాంబుకు అదిరిన పిల్లి నేల మీద పరిగెత్తదు, పైకి ఎగురుతుంది. ఎగిరే దారిలో ప్రమిద ఉంటే అది దొర్లుతుంది. కాబట్టి పత్తీ ఏకులూ ఉన్న గదిలో ఆ రాత్రి దీపమూ ఉండకూడదు, పిల్లీ ఉండకూడదు. కిటికీ కూడా మూసేయాలి, తారాజువ్వ నిప్పురవ్వకు కూడా అక్కడ చోటివ్వకూడదు. పిల్లికి వేరే గదిలో బీరువా మీదో అటక మీదో ఎత్తున చోటిచ్చి, నీళ్ళూ ఇసుక తట్టా పెట్టి తలుపు మూయండి. అది కనపడటం లేదని వెతికి లాగకండి. దాక్కోవడమే దాని ధైర్యం.

ఇక ఆ సాయంత్రం. కుక్కను వెలుతురుండగానే, నాలుగు నాలుగున్నరకల్లా, తాడుతో బయట తిప్పి తీసుకురండి. దివిటీల వేళకు ముందే కడుపునిండా తిండి పెట్టండి. కిటికీలు మూసి, ఫ్యాను పెట్టి, టీవీ మామూలుగా మోగనివ్వండి. ఇంట్లో ఒకరు దాని దగ్గర ఉండాలి. పెద్దాళ్ళకు ఎలాగూ పొగ పడదు, వాళ్ళు ఉంటే ఇద్దరికీ మంచిది. భయపడుతున్న కుక్కను బుజ్జగిస్తే భయం ఇంకా అలవాటవుతుందని ఒక మాట ప్రచారంలో ఉంది. అది తప్పు. భయం నేర్పితే వచ్చేది కాదు, ఓదారిస్తే పెరిగేదీ కాదు. మీ ఒళ్ళోకి వస్తే రానివ్వండి, రాకపోతే ఈడ్చుకురాకండి. తిట్టడం, కొట్టడం, 'ఏం కాదు చూడు' అంటూ బయటికి తెచ్చి చూపించడం మాత్రం ఎన్నడూ చేయకండి.

కుక్కను గొలుసుతో బయట కట్టేయడం అన్నిటికన్నా ప్రమాదం. గొలుసు బిగిసి మెడకు చుట్టుకోవచ్చు, గోడ దూకబోయి వేలాడవచ్చు. ఇంట్లోకి రానివ్వని కుక్కయినా ఆ ఒక్క రాత్రీ వరండాలోకో, వంటచెరుకు పెట్టే గదిలోకో రానివ్వండి. మెడపట్టీకి మీ ఫోన్ నంబరు రాసిన బిళ్ళ కట్టండి. హౌరా–చెన్నై మెయిన్ లైను పొందూరు మండలం మీదుగానే పోతుంది. పట్టాలకు దగ్గరున్న ఊళ్ళలో బెదిరిన కుక్క ఎటు పరిగెడుతుందో చెప్పలేం.

వీధికుక్కలకు ఇల్లు లేదు, మెడపట్టీ లేదు, తలుపు మూసేవాళ్ళు లేరు. వాటికోసం ఒక పని చేయొచ్చు. మీ వీధి గేట్లలో ఒకటి ఆ రాత్రి తెరిచి ఉంచండి. ఏ మెట్ల కిందో, అరుగు మూలో ఒక గోనెసంచి పరిచి నీళ్ళు పెట్టండి. తోకకు టపాసులు కట్టి వినోదం చూసేవాళ్ళు ఎక్కడైనా ఉంటే గట్టిగా ఆపండి. జంతువులను హింసించడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం. జంతువును చంపినా అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షన్ కింద ఐదేళ్ళ దాకా జైలు పడుతుంది. నేపాల్‌లో నరక చతుర్దశి నాడు కుక్కలకు బొట్టుపెట్టి, మెడలో బంతిపూల దండ వేసి, కడుపునిండా పెడతారు. మన పండగకు ఒక్కరోజు ముందే ఇది జరుగుతుంది. అంత చేయకపోయినా, ఆ అమావాస్యనాడు వాటిని వాటి మానాన ఉండనివ్వొచ్చు.

ఇరుగుపొరుగుతో మాట్లాడటం కూడా ముందే చేయాల్సిన పని. 2018 అక్టోబర్ 23న సుప్రీంకోర్టు దీపావళి టపాసులకు రాత్రి 8 నుంచి 10 వరకే సమయం ఇచ్చింది, దండల్లా గుచ్చిన టపాసులను నిషేధించింది. ఆ సంగతి తెలిసి ఉండటం మంచిదే. కానీ వీధిలో మొదట చట్టం ఎత్తితే తగువే మిగులుతుంది. మన ఊళ్ళలో పనిచేసే మాట వేరే ఉంది. "ఒరే బాబూ, మా ఆవు నెలలు నిండి ఉందిరా, మీ బాంబులు ఆ చెరువుగట్టు కాడ కాల్చుకోండి, ఇక్కడ మతాబులూ చిచ్చుబుడ్లూ వెలిగించుకోండి" అంటే వినని పిల్లాణ్ణి నేను చూడలేదు. ఆవు చూలుతో ఉందంటే మన పిల్లలు ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు. తమిళనాడులో శివగంగ జిల్లాలోని వేట్టంగుడి పక్షుల కేంద్రం పక్కన ఉన్న కొల్లుకుడిపట్టి ఊరివాళ్ళు చెరువుకొచ్చే కొంగలు బెదురుతాయని దశాబ్దాలుగా దీపావళికి టపాసులే కాల్చడం లేదు. మన జిల్లాలో టెక్కలి దగ్గర తేలినీలాపురానికి కూడా ఏటా పెలికాన్లు వచ్చి చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. పక్షికోసం ఊరంతా ఆగగలిగినప్పుడు, చూలాలైన ఆవుకోసం ఒక వీధి ఆగలేదా?

పశువుల సాల సంగతి ఇక చూడాలి. సాల తాటాకుదో గడ్డిదో అయితే, పక్కనే వరిగడ్డి కుప్ప ఉంటే, అక్కడ తారాజువ్వ పడటానికి క్షణం చాలు. ఆ మధ్యాహ్నమే కప్పు మీదా కుప్ప మీదా నీళ్ళు చల్లండి. రెండు బిందెలు నిండుగా పెట్టుకోండి. పశువుల్ని ఒక్క లాగుతో ఊడిపోయే ముడితో కట్టండి, కొడవలి చేతికందేలా ఉంచండి. మంటలొచ్చినప్పుడు పలుపు విప్పడానికి చేతులు వణుకుతాయి. దూడను తల్లికి కనపడేలా కట్టండి. తల్లికది ధైర్యం, దూడకూ ధైర్యం. సాయంత్రం పాలు తొందరగా పితికేయండి. బెదిరిన ఆవు పాలు చేపదు. భయానికి ఒంట్లో ఊరే అడ్రినలిన్ పాలు దిగనివ్వదు. దాన్ని కొట్టి ప్రయోజనం లేదు, మర్నాటికి దానంతటదే సర్దుకుంటుంది.

తెల్లవారాక చేయాల్సిన పని గురించి మాత్రం వివరంగా చెప్పాలి.

కాకరపువ్వొత్తి కాలిపోయాక మిగిలేది ఇనప తీగ. పిల్లలు దాన్ని ఊపి ఎటో విసిరేస్తారు. అది గడ్డిలో పడుతుంది, పెంటకుప్ప మీద పడుతుంది, పెరట్లో దాణా తొట్టి పక్కన పడుతుంది. మర్నాడు ఆవు అక్కడే మేస్తుంది. మేక పెదాలతో ఏరుకుని తింటుంది, ఆవుకు ఆ నేర్పు లేదు. నాలుకతో గడ్డిని చుట్టి లాగి, నమలకుండానే మింగుతుంది. నెమరు తర్వాతి పని. మింగిన తీగ కడుపులో తేనెపట్టు లాంటి గళ్ళున్న రెండో గదిలో దిగబడుతుంది. ఆ గదికి ముందు పల్చని పొర ఒకటి, దాని అవతల గుండె. కడుపు కదిలినప్పుడల్లా తీగ కొంచెం కొంచెంగా ముందుకు జరిగి, గోడ చీల్చుకుని, గుండె పైపొరను పొడుస్తుంది. ఇది వారానికి జరగొచ్చు, నెలలకు జరగొచ్చు. కార్తీకమో సంక్రాంతో వచ్చాక ఆవు పడిపోతే ఎవరికీ దీపావళి గుర్తుకు రాదు.

లక్షణాలు గుర్తుపెట్టుకోండి. బాగా తినే ఆవు ఉన్నట్టుండి మేత మానేస్తుంది, నెమరు ఆపేస్తుంది, పాలు ఒక్కసారిగా పడిపోతాయి. నడుం పైకి వంచి, ముందుకాళ్ళ మోచేతులు బయటికి పెట్టి నిలబడుతుంది. పల్లానికి దిగనంటుంది. పడుకోవడానికీ లేవడానికీ మూలుగుతుంది. ముదిరాక గంగడోలు కిందా రొమ్ము దగ్గరా వాపు వస్తుంది. వాపు వచ్చే దాకా ఆగితే బతికించడం చాలా కష్టం. ముందుగా పోల్చుకుంటే డాక్టరు కడుపులోకి అయస్కాంతం వేసి ఆ తీగను కదలకుండా పట్టి ఉంచగలరు, అవసరమైతే పొట్ట కోసి తీయగలరు. విజయనగరం జిల్లా గరివిడిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన కళాశాల ఉంది, పెద్ద చికిత్స కావాలంటే అక్కడి గురించి మీ డాక్టరుతో మాట్లాడండి.

ఇదంతా తప్పించడానికి ఒక బకెట్టు చాలు. సగం నీళ్ళు పోసి వాకిట్లో పెట్టి, కాలిన ప్రతి తీగా అందులోకే రావాలని పిల్లలకు చెప్పండి. పెట్టె విప్పేటప్పుడే లెక్కపెట్టించండి, రాత్రి బకెట్లో లెక్క సరిచూడమనండి. లెక్క అప్పగిస్తే పిల్లలు దాన్ని ఎంతో శ్రద్ధగా చేస్తారు. కాలే తీగ నేల మీద లేకపోతే వాళ్ళ పాదాలకూ క్షేమమే. తెల్లవారాక పశువుల్ని విప్పకముందే పెరడూ వీధీ ఊడవండి. పాడైపోయిన స్పీకరులో అయస్కాంతం ఉంటుంది, దాన్ని తాడుకు కట్టి గడ్డిలో ఈడ్చండి. చీపురుకు దొరకని తీగలు దానికి దొరుకుతాయి. ఆ పని పూర్తయ్యేదాకా పశువులకు సాలలోనే మేత వేయండి.

పేలని టపాసులదీ అదే దారి. వాటిలో పొటాషియం నైట్రేటు, గంధకం, అల్యూమినియం పొడి ఉంటాయి. బేరియం లవణాలను సుప్రీంకోర్టు నిషేధించినా నాసిరకం సరుకులో ఉండొచ్చు. కుక్క కొరికి మింగితే వాంతులు పట్టుకుంటాయి. బేరియం ఒంటికెక్కితే కండరాలు సత్తువ కోల్పోతాయి. ఏరిన వాటిని నీళ్ళలో నానబెట్టి ఊరికి దూరంగా పూడ్చండి. చెత్తలో వేసి కాల్చకండి, పశువులు నీళ్ళు తాగే చెరువులో అసలే పడేయకండి.

తీపి పదార్థాల గురించి కొంచెం. పాకుండలు, బూరెలు ఓ ముక్క తింటే కుక్కకు విరేచనాలవుతాయి, అంతకన్నా కాదు. పాయసంలో కిస్మిస్ మాత్రం వద్దు, అవి కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. చాక్లెట్ కూడా విషమే. ఈ ముక్క అమెరికాలో ఉన్న మనవాళ్ళకు మరీ ముఖ్యం. 2024లో దీపావళీ, వాళ్ళ ఊళ్ళలో పిల్లలు వింత వేషాలేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలడిగే హాలోవీన్ పండగా ఒక్కరోజే, అక్టోబర్ 31నే వచ్చాయి. అక్కడ టపాసులకన్నా తెరుచుకుంటూ ఉండే తలుపుతోనూ, చాక్లెట్ల గిన్నెతోనూ ప్రమాదం. చక్కెర లేని మిఠాయిల్లో వాడే జైలిటాల్ కుక్కకు చాక్లెట్ కన్నా తొందరగా ఎక్కుతుంది. ఆ సాయంత్రం కుక్కను లోపలి గదిలో ఉంచి తలుపేయమని పండగ ఫోనులో మీ పిల్లలకు చెప్పండి.

ఇంత చేసినా ఏదో ఒకటి జరగొచ్చు. ఒళ్ళు కాలితే పది పదిహేను నిమిషాలు మామూలు చల్లనీళ్ళు ధారగా పోయండి. మంచుగడ్డ, పసుపు, పేస్టు, సిరా ఏవీ పూయకండి. తడి నూలుగుడ్డ వదులుగా కప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. పశు వైద్యానికి 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార వైద్య వాహనం వస్తుంది. కుక్క తప్పిపోతే గుంపుగా పేరు పిలుస్తూ తరమకండి. బెదిరింది ఇంకా దూరం పోతుంది. అది పడుకునే దుప్పటీ, దాని తిండీ గుమ్మం దగ్గర పెట్టి, చప్పుళ్ళు సద్దుమణిగాక, తెల్లవారుజామున ఒక్కరే వెళ్ళి వెతకండి. ఎక్కువసార్లు ఇంటికి దగ్గర్లోనే, తూములోనో ఏ బండి కిందో దొరుకుతాయి. కంగారులో కరిస్తే, మీ కుక్కే అయినా సరే, గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు ధార నీళ్ళలో కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.

మన ప్రాంతంలో పండగ అమావాస్యతో అయిపోదు. నాలుగు రోజులకు నాగుల చవితి వస్తుంది. దాచి ఉంచిన టపాసులు ఆ రోజు మళ్ళీ బయటికొస్తాయి. మొదటిదానికి బెదిరిన జంతువు రెండోదానికి ఇంకా తొందరగా బెదురుతుంది. కాబట్టి ఆ మూలలోని దుప్పటిని మధ్యలో తీసేయకండి, మందు వేస్తున్న కుక్కకు ఆ రోజు గురించి కూడా డాక్టర్ని అడిగి ఉంచుకోండి. పుట్టలో పాలు పోయడానికి వెళ్ళేటప్పుడు కుక్కను వెంట రానివ్వకండి, అది పుట్ట దగ్గర మూతి పెట్టి తవ్వబోతే పాము కాటు తప్పదు. పుట్ట దగ్గర కాల్చిన తీగలను అక్కడే వదిలేసి రాకండి. ఊరి పశువులు మర్నాడు మేసేది ఆ గట్టు మీదే. బకెట్టూ అయస్కాంతమూ అక్కడికీ తీసుకెళ్ళండి.